జెండా వీళ్లది, గ్యాసు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

పోయిన సంచికలో తూర్పు యూరప్‌లోని ట్రాన్స్‌నిస్ట్రియా గురించి అర పేజీ రాశాం. మొల్డోవా నుంచి విడిపోయామని 1990లో ప్రకటించుకుని, సొంత జెండా, సొంత రూబుల్, సొంత సరిహద్దు చౌకీలు పెట్టుకున్న ప్రాంతం అది. ఐక్యరాజ్యసమితి సభ్య దేశాల్లో ఒక్కటీ దాన్ని గుర్తించలేదు. దాని మీద దక్షిణ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇవి జవాబులు. గ్రూప్స్ పరీక్షకు బిట్లుగా పనికొస్తాయా అని అడిగినవాళ్లకు ఒక మాట: తేదీలు పనికొస్తాయి, మిగతాది వ్యాసానికి దాచుకోండి.

ప్రశ్న: ఇసొంటి ప్రాంతాలు "మాది వేరే జాతి" అని వాటంతట అవే విడిపోయినయా, లేకుంటే పెద్ద దేశం వెనకనుంచి విడగొట్టిందా? ఏది ముందు సార్?
— డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, నల్గొండ

మళ్లీ ట్రాన్స్‌నిస్ట్రియానే తీసుకుందాం. విచిత్రమేమిటంటే, అక్కడ చెప్పుకోడానికి "వేరే జాతి" అంటూ ఒకటి లేదు. 1989 జనాభా లెక్కల ప్రకారం మొల్డోవన్లు దాదాపు 40 శాతం, ఉక్రేనియన్లు 28, రష్యన్లు 25. ఎవరికీ సగం బలం లేదు. మరి ఏం చూసి ఏకమయ్యారు? భాష, కొలువు.

డ్నీస్టర్ నదికి తూర్పున ఉన్న ఈ సన్నని పట్టీ మొదటినుంచీ సోవియట్ ఏలుబడిలో ఉంది. నదికి పడమట ఉన్న మొల్డోవా 1940 దాకా రొమేనియాలో భాగం. రెండింటినీ కలిపి ఒక రిపబ్లిక్ చేసింది స్టాలిన్ ప్రభుత్వం. ఉక్కు ఫ్యాక్టరీ, పెద్ద థర్మల్ స్టేషన్, ఆయుధ గోదాములు తూర్పు పట్టీలో వచ్చాయి. వాటిలో నడిచేది రష్యన్ భాష. 1989 ఆగస్టు 31న మొల్డోవా శాసనసభ లాటిన్ లిపిలో రాసే మొల్డోవన్‌ను రాజభాష చేసింది. ఫ్యాక్టరీ మేనేజరు మొదలు మేస్త్రీ దాకా అందరికీ ఒకటే గుబులు: రేపు మన కుర్చీలో కూర్చునేది ఆ భాష వచ్చినవాడేనా? అందుకే మొదటి సమ్మెలు ఊళ్లలో కాదు, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర మొదలయ్యాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్ 2న విడిపోయామని ప్రకటించారు.

కాబట్టి మీ ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, ముందు వచ్చింది స్థానికుల భయమే. అది నిజమైన భయం, మాస్కో పుట్టించింది కాదు. అయితే అలాంటి భయం ఆ రోజుల్లో సోవియట్ యూనియన్ నిండా ఉంది. చాలా చోట్ల సమ్మెలతో, ఊరేగింపులతో ఆగిపోయింది. ఇక్కడ దేశమై కూర్చోడానికి కారణం అక్కడే విడిది చేసి ఉన్న 14వ రష్యన్ సైన్యం. 1992లో యుద్ధం ముదిరి బెండెర్ పట్టణంలో వీధి పోరాటాలు జరిగినప్పుడు ఆ సైన్యం దిగింది. జూలై 21న రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, మొల్డోవా అధ్యక్షుడు స్నెగుర్ కాల్పుల విరమణ మీద సంతకాలు పెట్టారు. సంతకం పెట్టింది ఎవరెవరో చూడండి. యుద్ధంలో రెండో పక్షం ఎవరన్నది ఆ కాగితమే చెబుతుంది.

తుపాకీ యుద్ధాన్ని ఆపుతుంది గాని జీతాలివ్వదు. ముప్పై ఏళ్లు జీతాలిచ్చింది గ్యాసు. ఆ లెక్క ఎలా నడిచిందో వివరంగా చెప్పడం అవసరం, పత్రికల్లో "రష్యా ఆర్థిక సాయం" అన్న ఒక్క ముక్కతో దాటేస్తారు గనక.

2024 చివరిదాకా రష్యా కంపెనీ గాజ్‌ప్రోమ్ ఈ పట్టీకి గ్యాసు పంపేది. బిల్లు మాత్రం మొల్డోవా గ్యాస్ కంపెనీ ఖాతాలో రాసేది. అంటే మీటరు పక్కింటాయన పేరున, బల్బులు మన ఇంట్లో. ఇక్కడి ఇళ్ల నుంచి, ఫ్యాక్టరీల నుంచి చవక రేటుకు వసూలైన డబ్బు గాజ్‌ప్రోమ్‌కు వెళ్లేది కాదు, స్థానిక ప్రభుత్వ ఖజానాకు చేరేది. అదే గ్యాసుతో కుచుర్గాన్ థర్మల్ స్టేషన్ కరెంటు చేసి, ఎవరి నుంచి విడిపోయారో ఆ మొల్డోవాకే అమ్మేది. ఆ డబ్బూ బడ్జెట్‌కే. ఉక్కు ఫ్యాక్టరీకి చవక కరెంటు, చవక గ్యాసు, సరుకు ఎగుమతి. ఇటు కాగితం మీద పేరుకున్న గ్యాసు బాకీ 700 కోట్ల డాలర్లు దాటిపోయింది. దాన్ని ఎవరూ కట్టలేదు, మాస్కో గట్టిగా అడగనూ లేదు. దానికి తోడు ముసలివాళ్ల పింఛనుకు రష్యా కొంత కలిపి ఇచ్చింది.

ఈ ఏర్పాటు ఎక్కడ తెగుతుందో 2025 జనవరి 1న తెలిసింది. ఉక్రెయిన్ మీదుగా గ్యాసు రవాణా ఒప్పందం ముగిసింది. టర్కీ వైపు గొట్టం ద్వారా పంపే దారి ఉన్నా, పాత బాకీ సాకు చూపి గాజ్‌ప్రోమ్ పంపలేదు. నడి చలికాలంలో అపార్ట్‌మెంట్లకు వేడినీళ్లు ఆగాయి. రోజూ గంటల తరబడి కరెంటు కోతలు. తిండి సరుకులు చేసేవి తప్ప ఫ్యాక్టరీలన్నీ మూత. ఫిబ్రవరిలో మొదట యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొద్ది రోజులు, తర్వాత రష్యా అప్పుతో హంగరీ కంపెనీ ద్వారా గ్యాసు మళ్లీ వచ్చింది. ఆ నెల రోజుల్లో జెండా మారలేదు, భాష మారలేదు, సైన్యం కదల్లేదు. ఒక్క వాల్వు మూసుకుంది, అంతే.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. బయటి అండ దొరికాక అస్తిత్వం కూడా తయారవుతుంది. ఇక్కడి బడుల్లో మొల్డోవన్ భాషను ఇప్పటికీ రష్యన్ లిపిలోనే నేర్పుతారు. లాటిన్ లిపిలో చెప్పే బడులను 2004లో బలవంతంగా మూయించబోయారు. పిల్లల తల్లిదండ్రులు యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. 2012లో వచ్చిన తీర్పులో దోషిగా తేలింది రష్యా. బడులకు తాళం వేయమని మాస్కో చెప్పినట్టు ఆధారం లేదు, అయినా ఈ ప్రభుత్వం బతుకుతున్నదే రష్యా అండతో కాబట్టి బాధ్యత దానిదే అన్నది న్యాయస్థానం. పోషించేవాడు జవాబుదారీ అన్న ఈ సూత్రం వ్యాసం రాసేవాళ్లకు బాగా పనికొస్తుంది.

ప్రశ్న: అట్లయితే అబ్ఖాజియా సుత రష్యా బొమ్మనేనా? పుస్తకాలల్ల రెండింటినీ ఒక్క గాటనే కడుతున్నరు.
— గ్రూప్-1 అభ్యర్థి, మహబూబ్‌నగర్

ఒక్క గాటన కట్టడం తప్పు. జార్జియా నుంచి విడిపోయిన అబ్ఖాజియాలో అబ్ఖాజులకు వేరే భాష ఉంది. అది జార్జియన్‌కు, రష్యన్‌కు ఏ రకంగానూ దగ్గరి భాష కాదు. ఒకప్పుడు దాదాపు సమాన హోదా ఉన్న వాళ్ల రిపబ్లిక్‌ను 1931లో జార్జియాలో అంతర్భాగం చేశారన్న కోపం పాతది. అయితే సొంతగడ్డ మీద వాళ్లే మైనారిటీ: 1989లో జనాభా 5 లక్షల 25 వేలు, అందులో జార్జియన్లు 45.7 శాతం, అబ్ఖాజులు 17.8 శాతం. అంత తక్కువ మంది ఉండి జార్జియా మీద 1992–93 యుద్ధం గెలిచారంటే ఉత్తర కాకసస్ నుంచి వచ్చిన స్వచ్ఛంద యోధులు, రష్యన్ ఆయుధాలు, విమానాలు లేకుండా కుదిరేది కాదు. 1993 సెప్టెంబర్ 27న రాజధాని సుఖుమి వాళ్ల చేతికి వచ్చింది. రెండు లక్షలకు పైగా జార్జియన్లు ఇళ్లు వదిలి పారిపోయారు. ఇవాళ అక్కడ అబ్ఖాజులు సగం మంది ఉన్నారంటే ఆ సగం అలా వచ్చింది. అస్తిత్వ పోరాటం అంటూ రాసేటప్పుడు ఈ లెక్క వదిలేస్తే ఆ వ్యాసం అబద్ధం.

తర్వాతి మెట్టు పాస్‌పోర్టు. సోవియట్ పాస్‌పోర్టులు చెల్లకుండా పోతున్న రోజుల్లో, 2002 నుంచి రష్యా వీళ్లకు పెద్ద ఎత్తున తన పౌరసత్వం ఇచ్చింది. 2008 ఆగస్టులో జార్జియాతో యుద్ధానికి దిగినప్పుడు "మా పౌరులను కాపాడుతున్నాం" అని చెప్పుకోడానికి అదే ఆధారమైంది. ఆ నెల 26న గుర్తింపు కూడా ఇచ్చేసింది. ఇదే క్రమం ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్, లుహాన్స్క్‌లలో మళ్లీ చూశాం: 2019లో పాస్‌పోర్టులు, 2022 ఫిబ్రవరిలో గుర్తింపు, సెప్టెంబర్‌లో ఏకంగా విలీనం.

దొనెత్స్క్‌లా అబ్ఖాజియా విలీనమైపోలేదు, అవ్వనని మొండికేస్తోంది కూడా. అక్కడ విదేశీయులు ఇళ్లు, భూములు కొనకూడదు. ఆ నిషేధం రష్యన్లకూ వర్తిస్తుంది. నల్ల సముద్రం ఒడ్డున స్థలాలకు రష్యన్ డబ్బు ఎంత ఉవ్విళ్లూరుతుందో వేరే చెప్పాలా? 2024 నవంబర్‌లో రష్యన్ పెట్టుబడిదారులకు తలుపులు తెరిచే ఒప్పందం వచ్చినప్పుడు జనం సుఖుమిలో పార్లమెంటు గేట్లను లారీలతో లాగి విరగ్గొట్టి లోపలికి చొరబడ్డారు. అధ్యక్షుడు బ్జానియా దిగిపోయాడు, డిసెంబర్‌లో పార్లమెంటు ఆ ఒప్పందాన్ని కొట్టేసింది. జీతాలకు మాస్కో వైపు చేయి చాచే ప్రాంతమే అది. ఆ ఏడాది సాయం కోత పెట్టి మాస్కో ఒత్తిడి చేసింది కూడా. ట్రాన్స్‌నిస్ట్రియాలో 2006లో "రష్యాలో కలుస్తారా" అని ఓటింగ్ పెడితే 97 శాతం అవునన్నట్టు ప్రకటించారు. ఈ రెండిటి మధ్య తేడా అస్తిత్వంలో ఉంది. బలమైన అస్తిత్వం ఉన్నవాళ్లు తమను పోషించేవాడికీ ఎదురు తిరుగుతారు.

ప్రశ్న: నాగోర్నో-కారబాఖ్‌ల ముప్పావు మంది ఆర్మేనియన్లే, పక్కనే ఆర్మేనియా దేశం, ముప్పై ఏండ్ల ప్రభుత్వం. ఒక్క రోజుల ఎట్ల కూలింది?
— వనపర్తి నుంచి ఒక పాఠకురాలు

ఒక్క రోజులో కూలలేదమ్మా, 2020లోనే సగం కూలింది. అజర్‌బైజాన్ హద్దుల్లో ఉన్న ఆ ప్రాంతంలో 1989లో ఆర్మేనియన్లు 76.9 శాతం, అస్తిత్వానికి లోటు లేదు. లోటంతా అండలో. ఆర్మేనియా దాన్ని లాంఛనంగా ఎన్నడూ గుర్తించలేదు. కరెన్సీ, పాస్‌పోర్టు, సైన్యం మాత్రం ఇచ్చింది. ఆ ఆర్మేనియాకు అండ రష్యా. అంటే అరువు అండ మీద అరువు అండ. అవతల అజర్‌బైజాన్ చమురు డబ్బుతో టర్కీ, ఇజ్రాయెల్ డ్రోన్లు కొనుక్కుంది. 2020 సెప్టెంబర్ 27న మొదలైన 44 రోజుల యుద్ధంలో చాలా భూమి పోయింది. మిగిలిన ముక్కకు ఆర్మేనియాతో సంబంధం లాచిన్ రోడ్డు ఒక్కటే. దానికి కాపలా సుమారు 2 వేల మంది రష్యన్ శాంతిసైనికులు.

2022 డిసెంబర్ 12 నుంచి ఆ రోడ్డు మూతపడింది. రష్యన్లు తెరిపించలేదు. ఉక్రెయిన్ యుద్ధంలో తలమునకలై ఉన్న మాస్కోకు అప్పటికి అజర్‌బైజాన్, టర్కీల స్నేహం ఎక్కువ అవసరం. తొమ్మిది నెలలు మందులు, పిండి, పెట్రోలు లేక జనం నీరసించాక 2023 సెప్టెంబర్ 19న అజర్‌బైజాన్ దాడి, మర్నాటికి లొంగుబాటు. కొద్ది రోజుల్లో లక్షకు పైగా మంది ఊళ్లు ఖాళీ చేశారు. 2024 జనవరి 1 నుంచి ఆ రిపబ్లిక్ లేదు.

ప్రశ్న: 1948ల నిజాం గూడ స్వతంత్ర దేశమని అన్నడు గద. మీరు చెప్పిన లెక్కల హైదరాబాదు ఎక్కడ వస్తది?
— రిటైర్డ్ టీచర్, సూర్యాపేట

బాగా అడిగారు మాస్టారూ. బయటి అండ కోసం వెతకడం అప్పుడూ జరిగింది. 1947 జూన్‌లో నిజాం స్వతంత్రంగా ఉంటానని ప్రకటించాడు. నవంబర్ 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల బాండ్లు అప్పుగా ఇచ్చాడు. అండ ఇవ్వాల్సినవాడికే అప్పివ్వడం ఈ చరిత్రలో అరుదైన ముచ్చట. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి బీదర్, వరంగల్ విమానాశ్రయాలకు రాత్రిళ్లు ఆయుధాలు దింపాడు. 1948 ఆగస్టులో భద్రతా మండలికి ఫిర్యాదు వెళ్లింది. అది చర్చకు వచ్చింది సెప్టెంబర్ 16న. మర్నాడే నిజాం లొంగిపోయాడు.

ఎందుకు నిలవలేదంటే, మొదటిది దారి. నాలుగు వైపులా భారతదేశమే, రేవు లేదు. మీ పక్కనున్న మునగాల పరగణాయే చూడండి. నిజాం రాజ్యం నడుమ ఉండి కూడా అది కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిష్ భూమి. సొంత పటంలోనే అంత చిల్లు. విమానంలో తెచ్చిన తుపాకులతో సైన్యానికి కొన్ని రోజులు గడుస్తుందేమో, రాజ్యానికి గడవదు. రెండోది, అంతకన్నా పెద్దది: "హైదరాబాదీ దేశం" కోసం ప్రాణమిచ్చే అస్తిత్వం పల్లెల్లో లేదు. దేశ్‌ముఖుల వెట్టి, రజాకార్ల దాడులు అనుభవించిన నల్గొండ రైతుకు ఆ జెండా తన జెండా ఎలా అవుతుంది? అప్పటికే ఇక్కడి ఊళ్లు నిజాం మీదే తిరగబడి ఉన్నాయి. పైన చెప్పిన అబ్ఖాజియాతో పోల్చండి: అక్కడ అండ, అస్తిత్వం రెండూ ఉన్నాయి; ఇక్కడ రెండూ లేవు, ఖజానా మాత్రం ఉంది.

ప్రశ్న: తెలంగాణ ఉద్యమాన్ని గూడ అప్పట్ల "వేర్పాటువాదం" అన్నరు. రెండూ ఒకటేనా?
— నాగర్‌కర్నూల్

కాదు. తెలంగాణ అడిగింది రాజ్యాంగం మూడో అధికరణం కింద ఒక రాష్ట్రం. దానికి పాత రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాలన్న నియమం లేదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లును తిరస్కరించినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. దేశం నుంచి విడిపోవడంలో లెక్క తలకిందులు: పాత దేశం ఒప్పుకుందా లేదా అన్నదే అన్నిటికన్నా బరువైన ప్రశ్న.

ప్రశ్న: గుర్తింపు ఎవరిస్తరు? బంగ్లాదేశ్‌కు దొరికింది, వీళ్లకెందుకు దొరకలె?
— ఇంటర్ విద్యార్థిని, మిర్యాలగూడ

గుర్తింపు ఇచ్చే ఆఫీసు ఎక్కడా లేదు, ఒక్కో దేశం విడివిడిగా ఇస్తుంది. 1933 మాంటెవిడియో ఒప్పందం జనాభా, హద్దులు, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే శక్తి అని నాలుగు షరతులు పెట్టింది. సోమాలీలాండ్ 1991 నుంచి ఆ నాలుగూ తీరుస్తూ కూడా ముప్పై ఏళ్లకు పైగా ఒక్క సభ్య దేశం గుర్తింపూ లేకుండా గడిపింది. సోమాలియా ఒప్పుకోకపోవడమే కారణం. దక్షిణ సూడాన్ విషయంలో సూడాన్ ఒప్పుకుంది. 2011 జూలై 9న స్వాతంత్ర్యం, 14న సమితి సభ్యత్వం.

బంగ్లాదేశ్‌కు పాకిస్తాన్ మొదట ఒప్పుకోలేదు. అయినా గెలిచిందంటే మూడు కారణాలు. తూర్పు పాకిస్తానే ఆ దేశంలో ఎక్కువ జనాభా ఉన్న భాగం. 1970 ఎన్నికల్లో అక్కడి 162 జనరల్ సీట్లలో 160 అవామీ లీగ్‌వే. అన్నిటికన్నా ముఖ్యం, అండగా వెళ్లిన భారత సైన్యం 1972 మార్చిలోనే వెనక్కి వచ్చేసింది. ఉత్తర సైప్రస్‌లో 1974లో దిగిన టర్కీ సైన్యం ఇంకా అక్కడే ఉంది. 1983లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే భద్రతా మండలి చెల్లదంది, గుర్తించింది టర్కీ ఒక్కటే. సెర్బియా నుంచి విడిపోయిన కొసొవోది ఈ రెంటికీ నడిమి పరిస్థితి: వందకు పైగా దేశాలు గుర్తించాయి, భారత్ గుర్తించలేదు.

ప్రశ్న: మా తమ్ముని కొడుకును సైప్రస్‌ల చదువుకు తోలుతనని హైదరాబాదుల ఒక ఏజెంటు అంటుండు. ఫీజు తక్వ, వీసా జల్ది అంటుండు. అది మీరు చెప్పే ఉత్తర సైప్రసేనా? ఎట్ల గుర్తువట్టాలె?
— రైతు, కల్వకుర్తి

డబ్బు కట్టకముందు ఆఫర్ లెటర్ చేతిలో పెట్టుకుని ఇవి చూడండన్నా. చిరునామా చివర "మెర్సిన్ 10, టర్కీ" అని ఉంటే అది ఉత్తర సైప్రస్. అంతర్జాతీయ తపాలా వ్యవస్థలో దానికి చోటు లేదు కాబట్టి ఉత్తరాలన్నీ టర్కీ మీదుగానే పోతాయి. ఫోన్ నంబరు ప్లస్ 90 392తో మొదలైతే ఉత్తరం, ప్లస్ 357 అయితే గుర్తింపు ఉన్న సైప్రస్ రిపబ్లిక్. విమానం టికెట్‌లో చివరి ఊరు ఎర్జాన్, ఈసీఎన్ అని ఉంటే ఉత్తరం; లార్నకా, పాఫోస్ అయితే దక్షిణం. ఎర్జాన్ వెళ్లే విమానం ఏదైనా టర్కీలో దిగి వెళ్లాల్సిందే.

ఉత్తరాన నిజమైన విశ్వవిద్యాలయాలు కూడా ఉన్నాయి, అన్నీ మోసమని అనడం లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, భారత్ ఆ ప్రభుత్వాన్ని గుర్తించలేదు. మన హైకమిషన్ నికోసియాలో, దక్షిణం వైపు ఉంది. ఉత్తరం గుండా దిగినవాళ్లను సైప్రస్ రిపబ్లిక్ అక్రమంగా వచ్చినట్టు లెక్కిస్తుంది కాబట్టి పాస్‌పోర్టు పోయినా, యజమాని జీతం ఎగ్గొట్టినా, పోలీసు కేసైనా గీత దాటి హైకమిషన్ మెట్లెక్కడం తేలిక కాదు. "అక్కడికి పోయినంక యూరప్‌కు దాటొచ్చు" అని ఏజెంటు అన్నాడంటే బేరం అక్కడే ఆపేయండి. డిగ్రీకి ఇక్కడ విలువ ఉంటుందా అన్నది విశ్వవిద్యాలయ నిధుల సంఘం, యూజీసీకి ముందే రాసి అడగాలి; డాక్టరు చదువైతే జాతీయ వైద్య కమిషన్‌ను అడగాలి. జవాబు కాగితం మీద వచ్చాకే అడ్వాన్సు.

ఇలాంటి జాగ్రత్తే జార్జియాలో మెడిసిన్ చదివే పిల్లలకూ చెప్పండి. తిబిలిసీలో చదువుతూ సెలవుల్లో రష్యా వైపు నుంచి అబ్ఖాజియాలోకో, అలాగే జార్జియా నుంచి విడిపోయిన దక్షిణ ఒసెతియాలోకో అడుగు పెడితే జార్జియా చట్టం ప్రకారం నేరం. తిరిగి వచ్చాక పట్టుబడితే జరిమానా లేదా జైలు.